బంతిని వదిలి ఎటు చూడాలో చెప్పండి: టీవీ ఫుట్‌బాల్ కామెంటరీ కొత్తవాళ్ళకి ఎంత వివరించాలి?

2022 నవంబరు 22. మా రాజోలు వైపు సార్వా కోతలు సాగుతున్న రోజులు. చేలోంచి భోజనానికి వచ్చిన పెదనాన్న మళ్ళీ పొలం వెళ్ళకుండా కుర్చీ లాక్కుని టీవీ ముందు కూర్చున్నారు. ఆయనకి క్రికెట్ తెలుసు, చెడుగుడు ఇంకా బాగా తెలుసు, ఫుట్‌బాల్ మాత్రం అంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. కానీ ఆయన కొడుకు, మా అన్నయ్య, ఖతార్‌లోని దోహాలో డ్రైవరు. లుసైల్ స్టేడియం పక్క రోడ్డు మీదే రోజూ బండి నడుపుతానని ఫోన్‌లో చెప్పాడు, ఆ రోజు మూడున్నరకి అక్కడే వరల్డ్ కప్‌లో అర్జెంటీనా, సౌదీ అరేబియా ఆడుతున్నాయి. కొడుకు రోజూ చూసే చోటు ఎలా ఉంటుందో చూడాలని ఆయన ఆశ.

పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీ కొట్టాడు, గోల్. అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత అదే సగంలో అర్జెంటీనా వాళ్ళు మరో మూడుసార్లు బంతిని వలలోకి కొట్టారు, మూడూ చెల్లలేదు. మొదటిసారి పెదనాన్న ఊరుకున్నారు, రెండోసారి నాకేసి చూశారు, మూడోసారి "అదేంట్రా, వల్లో పడిందా లేదా? పడితే మళ్ళీ కాదంటాడేంటి?" అని గట్టిగానే అడిగారు. కామెంటరీ ఇంగ్లీషులో వస్తోంది. ఆయనకి ఇంగ్లీషు రాదు సరే, నాకు వచ్చు కదా, నేను వింటూనే ఉన్నాను, కానీ ఆ మాటల్లో ఎక్కడా ఆయన అడిగినదానికి జవాబు లేదు. డిఫెన్స్ లైను ఎంత పైకి వచ్చిందో, అర్జెంటీనా ఎంత తొందరపడుతోందో చెబుతున్నారు, అంటే ఆఫ్‌సైడ్ ముందే తెలిసినవాడికి పనికొచ్చే మాటలు.

నేను ఒకటే చెప్పాను. "పెదనాన్నా, బంతిని కాసేపు వదిలెయ్యండి. వెనకాల అడ్డంగా నిలబడ్డ ఆకుపచ్చ చొక్కాల వాళ్ళనే చూడండి." రెండు మూడు నిమిషాలు అలాగే చూశారు. తర్వాత ఆయనే అన్నారు: "వీళ్ళు వరస కట్టి కదులుతున్నార్రా, ఊడ్పు వరసలాగా. ఒకడు అడుగేస్తే అందరూ వేస్తున్నారు." ఆఫ్‌సైడ్‌లో కష్టమైన సగం అదే, అది ఆయన సొంతంగా పట్టేసుకున్నారు. తోటివాడు బంతిని తన్నిన క్షణానికి ఆ వరస దాటి గోల్ వైపు ఉన్నవాడు ఆ బంతి జోలికి రాకూడదు, వస్తే జెండా లేస్తుంది అని మిగతా సగం నేను కలిపాను. సెకండ్ హాఫ్‌లో సౌదీ వాళ్ళు 48వ నిమిషంలో ఒకటి, 53లో ఇంకొకటి వేసి 2-1తో గెలిచారు. ఆ సగంలో అర్జెంటీనా వాళ్ళు ముందుకి పరిగెత్తినప్పుడల్లా ఆయన చూపు ముందుగా ఆ వరస మీదికే వెళ్ళింది.

టీవీలో ఫుట్‌బాల్ చెప్పేవాళ్ళు మామూలు ప్రేక్షకుడికి ఎంత వివరించాలి అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది. ఈ విషయంలో గొడవ పాతదే. ఆట తెలిసినవాళ్ళు "ప్రతి కార్నర్‌కీ కార్నర్ అంటే ఏంటో చెబుతుంటే వినలేం" అంటారు, తెలియనివాళ్ళు "గంటన్నర కూర్చున్నా ఒక్క ముక్క అర్థం కాలేదు" అంటారు. ఇద్దరి బాధా నిజమే. మా ఇంట్లోనే చూడండి: పిన్ని కొడుకు శనివారం రాత్రుళ్ళు నిద్ర మానుకుని ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ చూసే రకం, పెదనాన్న సంగతి చెప్పాను, అమ్మ పని చేసుకుంటూ అరుపు వినిపించినప్పుడు మాత్రమే తెర వైపు చూస్తుంది. ముగ్గురికీ ఒకే గొంతు చెప్పాలి. అలాంటప్పుడు "ఎంత" అని కొలత అడిగితే జవాబు దొరకదు. ఏది చెప్పాలి, ఏ క్షణంలో చెప్పాలి అని అడగాలి, అప్పుడు ముడి విడుతుంది.

ముందు క్షణం సంగతి. మనకి కామెంటరీ అంటే క్రికెట్టే, దాన్నే అన్ని ఆటలకీ పెట్టి చూస్తాం. క్రికెట్‌లో బౌలరు మళ్ళీ వెనక్కి నడిచి వెళ్ళే లోపల బోలెడు ఖాళీ ఉంటుంది, ఫీల్డింగ్ ఎలా మార్చారో చెప్పొచ్చు, పాత కథ ఒకటి చెప్పొచ్చు, కొత్తవాడికి నోబాల్ అంటే ఏంటో తీరిగ్గా చెప్పినా ఎవరికీ నష్టం లేదు. ఫుట్‌బాల్‌లో ఆ ఖాళీ వరసగా రాదు. బంతి బయటికి పోయినప్పుడు, ఎవరైనా కింద పడ్డప్పుడు, గోల్ పడ్డాక మళ్ళీ సెంటర్‌లో పెట్టేటప్పుడు దొరుకుతుంది, అదీ చెప్పకుండా వస్తుంది, చెప్పకుండా పోతుంది. అది రానంతవరకు వివరణ నోట్లోనే ఆపుకోవాలి.

దీని ఖరీదు నాకు డిసెంబరు 18న తెలిసింది. అదే లుసైల్‌లో ఫైనల్, మనకి రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైంది. అర్జెంటీనా రెండు గోల్స్ ముందుంది, అయిపోయిందనుకున్నాం. 80వ నిమిషంలో ఫ్రాన్స్‌కి పెనాల్టీ వచ్చింది, ఎంబాపే కొట్టాడు. బాబాయ్ "అంత దూరంలో పడేస్తే పెనాల్టీ ఎలా ఇస్తారు?" అని అడిగారు. నేను ఆయన వైపు తిరిగి గోల్ ముందుండే ఆ పెద్ద గడి గురించి, దాని లోపల తప్పు చేస్తే పెనాల్టీ, అంగుళం బయట చేస్తే మామూలు ఫ్రీకిక్ అన్న తేడా గురించి చెబుతున్నాను. నా మాట పూర్తి కాలేదు, ఇంట్లో కేకలు. ఎంబాపే రెండోది కొట్టేశాడు. రెండు గోల్స్‌కీ మధ్య రెండు నిమిషాలు కూడా లేవు. గాల్లో ఉన్న బంతిని కిందికి జారుతూ కొట్టిన ఆ గోల్‌ని నేనూ బాబాయ్ రీప్లేలోనే చూశాం. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు. బంతి మళ్ళీ సెంటర్‌లోంచి కదిలాక కూడా చెబుతూ కూర్చున్నాను, అదే తప్పు.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఆవిడ దగ్గర కూర్చుంటే ఈ సంగతి ఎవరికైనా అర్థమవుతుంది. బోర్లించిన కుండ, కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగుతుంది, రెప్పపాటులో పొర ఆరి రేకు లేస్తుంది. వేరే ఊళ్ళ నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళు అడుగుతూనే ఉంటారు, ఏ బియ్యం, ఎంత పలచన, ఎందుకు చిరగదు అని. గుడ్డ కుండ మీద ఉన్నంతసేపూ ఆవిడ నోరు విప్పదు. రేకు తీసి పక్కన పెట్టి, గుడ్డ మళ్ళీ పిండిలో ముంచే లోపల ఒక్క మాట చెబుతుంది. "జయ బియ్యమండి." మళ్ళీ గుడ్డ వేస్తుంది. ఇంకో రేకు తీశాక ఇంకో మాట. పది రేకులు అయ్యేసరికి చూసేవాడికి మొత్తం తెలిసిపోతుంది, ఒక్క రేకూ చిరగలేదు. కామెంటరీ చెప్పేవాళ్ళు నేర్చుకోవాల్సిన కొలత నాకు తెలిసి ఇదే.

ఇక ఏది చెప్పాలి అన్నది. దీనికి కాస్త వెనక్కి వెళ్ళాలి. 1927 జనవరి 22న లండన్‌లో హైబరీ మైదానంలో ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ ఆడిన మ్యాచ్‌ని బీబీసీ రేడియోలో ప్రత్యక్షంగా చెప్పింది. వినేవాళ్ళు ఇంట్లో కూర్చున్నారు, మైదానం కనబడదు. అందుకని రేడియో టైమ్స్ పత్రికలో మైదానం బొమ్మ వేసి, ఎనిమిది గళ్ళు గీసి, నంబర్లు ఇచ్చారు. వేకలమ్ అనే ఆయన ఆట చెబుతుంటే, పక్కన ఇంకో గొంతు బంతి ఏ గడిలో ఉందో నంబరు చెబుతూ ఉండేది. వినేవాడు పత్రిక ఒళ్ళో పెట్టుకుని ఆట పట్టుకునేవాడు. వందేళ్ళు కావస్తున్న ఆ పద్ధతిలో నాకు నచ్చేది ఏంటంటే, ప్రేక్షకుడికి ఏది కనబడదో ఆలోచించి అదే చెప్పారు.

టీవీకి ఇదే లెక్క వెయ్యండి. టీవీలో బంతి కనబడుతూనే ఉంటుంది, కెమెరా దాని వెనకే పోతుంది, కాబట్టి "ఇతని దగ్గర్నుంచి అతనికి, అతని దగ్గర్నుంచి ఇతనికి" అని చదవడం వల్ల కొత్తవాడికి పెద్దగా ఒరిగేది లేదు. కనబడనిదల్లా బంతికి దూరంగా జరిగేది. ఎడమ పక్క కాపలా కాసే లెఫ్ట్ బ్యాక్ ముందుకి పోతే వెనక ఖాళీ అయిన జాగా, ఫార్వర్డ్ ఒకడు బంతి రాదని తెలిసీ పరిగెత్తి డిఫెండర్‌ని తనతో లాక్కుపోవడం, గోల్‌కీపరు నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడటం. తెలిసినవాడి కన్ను వాటిని తనంతట వెతుక్కుంటుంది, తెలియనివాడి కన్ను బంతికి అతుక్కుపోతుంది. ఆ కన్నుని ఒక్కసారి పక్కకి తిప్పితే చాలు, మిగతాది మనిషి బుర్ర చూసుకుంటుంది. "కుడి పక్క చూడండి, అక్కడ ఎవరూ లేరు, బంతి ఇప్పుడు అక్కడికే వస్తుంది" అన్న ఒక్క మాట పెదనాన్నకి పాఠం, పిన్ని కొడుక్కి విశ్లేషణ. ఒకే మాట ఇద్దరికీ పనికొచ్చే చోటు ఇదొక్కటే, అందుకే నేను దీని మీద ఇంత పట్టుబడుతున్నాను.

రూల్స్ విషయానికొస్తే నిజంగా చెప్పాల్సినవి చాలా తక్కువ. త్రో, కార్నర్, గోల్‌కిక్, ఎల్లో కార్డు, రెడ్ కార్డు, ఇవన్నీ పావుగంట చూస్తే ఎవరికైనా వాటంతట అవే తెలుస్తాయి. ఆట సమానంగా ముగిస్తే ఒకరి తర్వాత ఒకరు పెనాల్టీలు కొట్టే షూటౌట్ అయితే అసలు నోరే విప్పక్కర్లేదు. ఆ ఫైనల్ 3-3తో ఆగి పెనాల్టీలకి వెళ్ళినప్పుడు నిద్రలోంచి లేచొచ్చిన మా అమ్మ గుమ్మంలో నిలబడి, ఎవరూ ఏమీ చెప్పకుండానే, ఒక్కో తన్నుకీ చీరకొంగు బిగించి పట్టుకుంది. అర్జెంటీనా 4-2తో గెలిచేదాకా గుమ్మంలోంచి కదల్లేదు.

వివరించి తీరాల్సింది ఒకటి ఆఫ్‌సైడ్, రెండోది టైము. ఈ టైము దగ్గర కొత్తవాళ్ళు చాలా తికమకపడతారు, చెప్పేవాళ్ళు దీన్ని ఎందుకో తేలిగ్గా తీసుకుంటారు. తొంభై నిమిషాల ఆట అన్నారు, గడియారం తొంభై దాటింది, ఆట ఆగలేదు. గాయాలకీ, గోల్స్ సంబరాలకీ, ఆటగాళ్ళు మారడానికీ పోయిన టైముని రిఫరీ చివర్లో కలుపుతాడు. ఎక్స్‌ట్రా టైమ్ అన్నది వేరు, నాకౌట్‌లో సమానంగా ఉంటే మళ్ళీ ఆడే అరగంట అది. ఈ రెండింటినీ ఒకటనుకునేవాళ్ళు బోలెడుమంది. ఖతార్‌లో ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్‌లో ఇరాన్ గోల్‌కీపర్‌కి తలకి దెబ్బ తగిలి చాలాసేపు ఆగింది, మొదటి సగానికే 14 నిమిషాలు కలిపారు. ఎన్ని నిమిషాలు కలిపారో చూపించే బోర్డు పైకి లేచినప్పుడు ఒక్క వాక్యం చెబితే ఇక జన్మలో మళ్ళీ చెప్పక్కర్లేదు.

ఆఫ్‌సైడ్‌ని మాటల్లో చెప్పడం కంటే బొమ్మలో చూపించడం తేలిక, ఆ సాయం ఇప్పుడు చేతిలోనే ఉంది. ఖతార్‌లో 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లని సెకనుకి 50 సార్లు కొలిచాయి, బంతిలో ఉన్న సెన్సరు సెకనుకి 500 సార్లు సమాచారం పంపింది, దాన్నుంచి తయారైన బొమ్మలో భుజమో మోకాలో గీత దాటడం అందరికీ కనబడింది. మనవాళ్ళు ఎల్బీడబ్ల్యూ నేర్చుకున్నదీ ఇలాగే కదా. బంతి లెగ్ స్టంప్ బయట పడితే అవుట్ కాదన్న సంగతి ఎవరో పుస్తకం చదివి చెప్పలేదు, పిచింగ్, ఇంపాక్ట్, వికెట్స్ అని మూడు గడులు ఎర్రబడ్డం చూసి చూసి మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర చదువురాని తాత కూడా "పిచింగు బయటండి" అంటాడు. బొమ్మ వచ్చినప్పుడు చెప్పేవాడు బొమ్మనే చదవాలి. ఆ పదిసెకన్లలో ఇంకేదో మాట్లాడితే దొరికిన ఖాళీ పోయినట్టే.

బొమ్మ కూడా హద్దు దాటితే చెడుతుంది. అమెరికాలో 1996లో ఫాక్స్ ఛానల్ వాళ్ళు ఐస్ హాకీలో ఆ చిన్న నల్ల బిళ్ళ కొత్తవాళ్ళకి కనబడటం లేదని దాని చుట్టూ నీలం వెలుగు పెట్టారు, గట్టిగా కొడితే వెనక ఎర్ర తోక వచ్చేది. ఎన్నో ఏళ్ళుగా ఆట చూస్తున్నవాళ్ళు మండిపడ్డారు, రెండు మూడేళ్ళలో అది పోయింది. కొత్తవాడికి సాయం చెయ్యాలనుకోవడం మంచిదే, కానీ ప్రతి క్షణం తెర మీద ఉండే సాయం ఆటకే అడ్డొచ్చింది.

అదే దేశంలో కామెంటరీ విషయంలో ఇంకో పాఠం ఉంది. 2006 వరల్డ్ కప్‌కి అక్కడి ఈఎస్‌పీఎన్ ఛానల్ బేస్‌బాల్ చెప్పడంలో పేరున్న డేవ్ ఓబ్రయన్‌ని మైకు ముందు కూర్చోబెట్టింది. ఫుట్‌బాల్ అభిమానుల నుంచి చాలా విమర్శలు వచ్చాయి. 2010కి మార్టిన్ టైలర్, ఇయన్ డార్క్ లాంటి బ్రిటిష్ కామెంటేటర్లని తెచ్చారు, వాళ్ళు ఫుట్‌బాల్‌ని ఫుట్‌బాల్‌లాగే చెప్పారు. ఆ జూన్ 23న అల్జీరియా మీద ఆఖరి నిమిషాల్లో అమెరికా ఆటగాడు డోనొవన్ గోల్ కొట్టినప్పుడు డార్క్ గొంతు అమెరికా వాళ్ళకి ఇప్పటికీ గుర్తే. ఆట మీద పట్టున్న మనిషి నమ్మకంగా మాట్లాడితే కొత్తవాడు కూడా వెంట వస్తాడు, సగం పదాలు తెలియకపోయినా.

కానీ దీన్నే పట్టుకుని మనకి వివరణ అక్కర్లేదనడం పొరపాటు. కోల్‌కతాలోనో కేరళ మలప్పురంలోనో మ్యాచ్ చూస్తే అర్థం కానిది చెప్పేందుకు పక్కన ఎవరో ఒకరుంటారు, మేనమామో, ఎదురింటాయనో. మన గోదావరి జిల్లాల్లో క్రికెట్‌కి అలాంటివాళ్ళు అరుగుకొకరు ఉన్నారు, ఫుట్‌బాల్‌కి లేరు. హైదరాబాద్‌కి గొప్ప చరిత్రే ఉంది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో భారత్‌కి బంగారు పతకం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ మనిషే, కానీ ఆ ఆట మా కాలవగట్ల దాకా రాలేదు. మా ఊళ్ళలో సాయంత్రం అయితే వాలీబాల్ నెట్టు కడతారు. అందుకని తెలుగులో ఫుట్‌బాల్ చెప్పే గొంతు లండన్ గొంతు చెయ్యక్కర్లేని పని ఒకటి చెయ్యాలి: అరుగు మీద లేని ఆ పెద్దమనిషి పని.

అది తెలుగులో కుదిరే పనే. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు చెడుగుడు ఆడి పెరిగిన పెదనాన్నలాంటివాళ్ళకి కూడా డూ ఆర్ డై రైడ్, సూపర్ ట్యాకిల్ అన్నవి కొత్తే. రెండు రైడ్లు వరసగా ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాల్సిందే, లేకపోతే రైడర్ అవుట్. ముగ్గురో అంతకంటే తక్కువమందో ఉండి పట్టేస్తే ఒక పాయింటు అదనం. రైడర్ కూతకొచ్చే ముందు "ఇది డూ ఆర్ డై, ఊరికే వెళ్ళి రావడం కుదరదు" అని చెప్పడం, వెంటనే ఆట కళ్ళ ముందు దాన్ని నిజం చెయ్యడం, ఇలా ఒక సీజన్ తిరిగేసరికి ఇంటిల్లిపాదికీ వచ్చేశాయి. పదాన్ని తెలుగు చెయ్యడానికి ఎవరూ కష్టపడలేదు, ఫుట్‌బాల్‌లో కూడా ఆఫ్‌సైడ్‌ని ఆఫ్‌సైడ్ అనే అందాం, గోల్‌కీపర్‌ని గోల్‌కీపర్ అనే అందాం. పదం పక్కన చేర్చే ఆ చిన్న మాట మాత్రం మనదై ఉండాలి. పెదనాన్న చెప్పిన వరసలోంచి పుట్టిన "వరస దాటాడు" అన్న మాట నాకు దొరికిన అన్ని నిర్వచనాల కంటే పొట్టిది.

పాయింట్ల లెక్కల్లాంటివి మాత్రం ఆట నడుస్తుండగా అస్సలు ముట్టుకోకూడదు. 2026 వరల్డ్ కప్‌కి 48 జట్లు, 104 మ్యాచ్‌లు, 12 గ్రూపులు. ప్రతి గ్రూపులో మొదటి ఇద్దరితో పాటు మూడో స్థానంలో నిలిచినవాళ్ళలో మెరుగైన ఎనిమిది జట్లు కూడా ముందుకు పోవాలి. ఇది తెలిసినవాళ్ళకే కాగితం, పెన్ను కావాల్సిన లెక్క. దాన్ని హాఫ్‌టైమ్‌లో పట్టిక చూపించి చెప్పాలి, అప్పుడు పెదనాన్న కూడా కాఫీ తాగుతూ వింటారు.

ఇంకొకటి, చెప్పే తీరు. పెదనాన్న కాలవలో నీళ్ళ రంగు చూసి పైన లాకులు ఎప్పుడు ఎత్తారో చెప్పగల మనిషి. ఆయనకి ఒక్క ఆట తెలియదు, అంతే. "మీకు తెలియకపోవచ్చు, చెబుతాను వినండి" అన్న ధోరణి గొంతులో వినిపించగానే ఆయన ఛానల్ మార్చేస్తారు, మార్చాలి కూడా. మొన్న అన్నయ్య సెలవు మీద వచ్చినప్పుడు ఇద్దరూ ఏదో మ్యాచ్ చూస్తున్నారు, నేను వంటింట్లోంచి విన్నాను. ఏళ్ళ తరబడి దోహాలో ఉన్నా అన్నయ్య ఎప్పుడూ ఆట చూడలేదట, ఆ గొడవేంటో నాకు తెలియదు నాన్నా అంటున్నాడు. పెదనాన్న జవాబు చెప్పలేదు. బంతి బయటికి పోయేదాకా ఆగారు. ఆ తర్వాత, "వెనకాల వరస కట్టిన ఆ నలుగురినీ చూడరా" అన్నారు.